టౌన్ ప్లానింగ్ పెద్దసారుకు పాత ఊరి మనవి

అయ్యా,

2007 ఏప్రిల్ 16న గ్రేటర్ హైదరాబాద్ ఏర్పడినప్పుడు శేరిలింగంపల్లి మున్సిపాలిటీతో పాటు మా నానక్‌రాంగూడ కూడా అందులో కలిసింది. అప్పటికే చేలు చేతులు మారాయి. కొన్ని సర్కారు తీసుకుంది, కొన్ని మేమే అమ్ముకున్నాం. వాటి మీద ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ లేచింది. 2019లో అమెజాన్ వాళ్ళు 18 లక్షల చదరపు అడుగుల ఆఫీసు తెరిచారు. 2023లో అమెరికా కాన్సులేట్ వచ్చాక, వీసా కావాల్సిన ప్రతి పిల్లవాడికీ మా ఊరి పేరు నోటికొచ్చింది. సంతోషమే.

ఆ పెద్ద రోడ్ల మీద మాకు ఫిర్యాదు లేదు. వాటిని వదిలి ఒక్కసారి పాత ఊళ్ళోకి రండి. కారు బయటే ఆపి రండి, ఎలాగూ ఆపాల్సిందే.

ఇక్కడి ఇండ్లు గ్రామకంఠంలోవి. లేఅవుట్ అంటే ఏమిటో ఎరగవు. చాలామందికి ఇంటిపన్ను రసీదే దస్తావేజు. తండ్రి నాటి పెంకుటిల్లు, వాకిలి, పశువుల కొట్టం కలిపి 240 గజాలనుకోండి. నలుగురు కొడుకులు పంచుకుంటే తలా 60. వాకిలి పోయింది, కొట్టం పోయింది, అరుగు ఉన్నచోట మెట్లు మొలిచి గల్లీలోకి దిగాయి. పక్కకు జరిగే వీల్లేక పైకి లేచాం. చేను లేని రైతుకు కిరాయే పంట.

కింద షట్టర్‌లో కర్రీ పాయింటు. పైన 'త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్, మూడు పూటలా భోజనం' బోర్డు. మొదటి అంతస్తు నుంచి గోడ అడుగున్నర ముందుకొస్తుంది. ఎదురింటాయన మాత్రం తక్కువ తిన్నాడా, ఆయనా అంతే జరిపాడు. దాంతో మూడో అంతస్తులో ఈ హాస్టల్ పిల్లవాడు ఆ హాస్టల్ పిల్లవాడికి ఫోన్ చార్జర్ కిటికీలోంచే అందిస్తాడు. మిట్టమధ్యాహ్నం కూడా మెట్ల దగ్గర లైటు వేయాలి. నీళ్ళ ట్యాంకరు మెయిన్‌రోడ్డు మీదే ఆగి పైపు లాగుతుంది.

మీ నిబంధనలు తెలియక కాదు. 2020లో భవన అనుమతులకు టీఎస్-బీపాస్ వచ్చినప్పుడు 75 గజాల లోపు ఇంటికి అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. సర్కారు ఇంత చవగ్గా ఇచ్చింది మరోటి గుర్తులేదు. కాకపోతే ఆ రూపాయి గ్రౌండ్ ప్లస్ వన్‌కే. మావాళ్ళు 'వన్' దాకా లెక్కపెట్టి ఆపేశారు. లెక్క చూడాల్సినవాళ్ళనూ ఏమనలేం. గల్లీలో నిలబడి తలెత్తితే నాలుగో అంతస్తు కనబడదు మరి.

నవ్వుకోలేని సంగతీ చెప్పాలి. 2016 డిసెంబర్ 8 రాత్రి మా నానక్‌రాంగూడలోనే, అనుమతి లేకుండా కడుతున్న ఏడంతస్తుల భవనం కూలింది. 11 మంది చనిపోయారు. బతుకుదెరువుకు వచ్చిన కూలీలు, పాపం, కడుతున్న భవనంలోనే కాపురమున్నారు. 2024 నవంబర్‌లో గచ్చిబౌలి సిద్దిఖ్‌నగర్‌లో పక్క జాగాలో గుంత తవ్వితే అంతస్తుల ఇల్లు ఒరిగిపోయింది, చివరికి కూల్చేశారు. ఒక్క ఇల్లు కూలితే యజమానిని పట్టుకోండి, న్యాయమే. గల్లీ గల్లీ అలాగే లేచినప్పుడు ఎవరిని పట్టుకోవాలి? అద్దాల మేడ కట్టేవాడికి రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్, ఫైర్ ఎన్‌ఓసీ అన్నీ అడుగుతారు. ఎడ్లబండి పట్టేలా వేసుకున్న గల్లీ వైపు ఎవరూ టేపు పట్టుకుని రాలేదు.

అలాగని మ్యాపు మీద స్కేలు పెట్టి 30 అడుగుల రోడ్డు గీయకండి. రెండు వరుసల ఇండ్లూ అందులోకే పోతాయి, ఆ తర్వాత నడవడానికి మనుషులుండరు. నలుగురు అన్నదమ్ములు 60 గజాలూ మళ్ళీ కలిపి ఒక్క భవనం కట్టుకుంటామంటే లాభం చూపించండి. గల్లీకి మూడడుగులు వదిలినవాడికి ఆ మేరకు పైన కట్టుకోనివ్వండి. పక్కవాడు పునాది తవ్వే ముందు చూసిపోయే ఇంజనీరు ఒకరుండాలి, కూలాక వచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఇదంతా అయ్యేలోగా చిన్న పని. ఏదో ఒక ఆదివారం పొద్దున, నిప్పంటుకోకముందే, ఒక ఫైరింజను మా ఊళ్ళోకి పంపండి. దారిలో బైకులు మావాళ్ళే తీస్తారు, చాయ్ ఖర్చు మాది. డ్రైవరు మాత్రం రివర్సులో ఆరితేరినవాడై ఉండాలి. బండ్లు తిప్పుకునే జాగా బొడ్రాయి దగ్గర ఉండేది, ఇప్పుడక్కడ ట్రాన్స్‌ఫార్మరుంది.

ఇట్లు,
గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటున్న పాత ఊరివాడు