ముద్దాయి ముందు, కొలత తర్వాత

ఇంట్లో వైఫై సిగ్నల్‌ను కొలిచే విద్యకు రెండు శాఖలున్నాయి. సిగ్నల్ చాలడం లేదనేవారిది మొదటిది. సిగ్నల్ మరీ ఎక్కువై ఆరోగ్యం పాడవుతోందనేవారిది రెండోది. ఈ రెండు శాఖల పండితులూ తరచు ఒకే ఇంట్లో, ఒకే రౌటర్ నీడన కాపురం ఉంటారు. వాదాలు వేరైనా పద్ధతి ఒక్కటే: ముద్దాయిని ముందు ఖరారు చేసుకుని, ఆ తర్వాత కొలతకు దిగడం.

మొదటి శాఖకు ప్రధాన పరికరం ఫోను తెర మీది గీతలు. ఎంత సిగ్నల్‌కు ఎన్ని గీతలు చూపాలన్నదానికి ఉమ్మడి ప్రమాణమేదీ లేదు. అంతా తయారీదారు దయ. 2010లో ఐఫోన్ 4 మీద గొడవ రేగినప్పుడు, మొబైల్ సిగ్నల్ గీతలను లెక్కగట్టే తమ సూత్రమే పూర్తిగా తప్పనీ, చాలా సందర్భాల్లో రెండు గీతలు ఎక్కువ చూపుతోందనీ ఆపిల్ సంస్థే ఒప్పుకుంది. అసలు కొలమానం డీబీఎం. ఒక మిల్లీవాట్‌ను సున్నాగా పెట్టుకుంటే, పది మెట్లు దిగినప్పుడల్లా శక్తి పదో వంతుకు పడిపోతుంది. మైనస్ 60 అంటే వాట్‌లో వంద కోట్లో వంతు. ఆ కాస్తతోనే సినిమా హాయిగా నడుస్తుంది. మైనస్ 80 దాటితే తడబాటు మొదలవుతుంది. అయితే మైనస్ గుర్తున్న అంకెను చూపించి ఎవరితోనైనా తగాదా పడటం కష్టం కనుక గీతలే చలామణీలో ఉన్నాయి.

రెండో పరికరం స్పీడ్ టెస్ట్. ఇది కొలిచేది హాల్లోని సిగ్నల్‌ను కాదు. ఫోను నుంచి రౌటర్‌కు, రౌటర్ నుంచి కేబుల్‌కు, అక్కడి నుంచి ఎక్కడో ఉన్న సర్వర్‌కు వెళ్లే దారి మొత్తానికీ కలిపి ఒక్క అంకె చెబుతుంది. ఆ దారిలో ఎక్కడ ఇరుకైనా అంకె పడిపోతుంది. ఇంట్లో ఒకరు క్రికెట్టూ మరొకరు సీరియలూ చూస్తుండగా పరీక్ష పెట్టి, వచ్చిన ఫలితాన్ని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అభియోగపత్రంగా దాఖలు చేయడం ఆచారం.

పరిశోధన ముదిరినవారు వైఫై అనలైజర్ యాప్ వేసుకుంటారు. చుట్టుపక్కల నెట్‌వర్క్‌లన్నీ అందులో పేర్లతో సహా రంగురంగుల్లో కనిపిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో మన దేశంలో 13 చానళ్లు వాడుకోవచ్చు గానీ, పక్కపక్క చానళ్ల మధ్య ఎడం 5 మెగాహెర్ట్జే. ఒక్కో నెట్‌వర్క్‌కు దాదాపు 20 కావాలి. ఒకదాని మీద ఒకటి పడకుండా సర్దుకోవడానికి అందరూ వాడేవి 1, 6, 11 మూడే. 40 ఫ్లాట్లున్న చోట పంచుకోవడం తప్పదు. ఒకే చానల్‌లోని రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని, వంతులవారీగా మాట్లాడుకుంటాయి. యాప్ పండితుడు మాత్రం ఖాళీగా కనిపించిన 3ను ఎంచుకుంటాడు. అక్కడ ఆయన మాట 1 వారికీ 6 వారికీ రొదే. వాళ్ల మాటలు ఆయనకూ రొదే. రెండు వైపులా అడ్డుపడుతూ, ఇరుగుపొరుగు దాడి పెరిగిందని మళ్లీ కొలుస్తాడు.

ఈ యాప్‌కు మరో సుగుణం ఉంది. ఫోన్‌లోని వైఫై చిప్ సాటి వైఫైనే పేరు పెట్టి చూపగలదు. 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తూ కొంత బయటికి వదిలే మైక్రోవేవ్ ఓవెన్ గానీ, అదే పట్టీలో గంతులేసే బ్లూటూత్ స్పీకర్ గానీ ఆ తెర మీద కనిపించవు. వాటిని చూడాలంటే స్పెక్ట్రమ్ అనలైజర్ కావాలి. రౌటర్ ఇనప బీరువా వెనక ఉన్న సంగతిని, దారిలో తరంగాన్ని తాగేసే అక్వేరియం నీటిని ఏ యాప్ కూడా చెప్పదు. కనిపించేది పక్కింటి పేరొక్కటే. ఉన్న ఒక్క సాక్షికీ ఒక్క మనిషి తప్ప మరెవరూ కనబడనప్పుడు నేరం ఎవరిదో తేలడానికి ఎంతోసేపు పట్టదు.

రెండో శాఖ పరికరాలు ఇంకా విశేషమైనవి. ‘రేడియేషన్ డిటెక్టర్’ పేరుతో ఉచితంగా దొరికే యాప్‌లు చాలావరకు దిక్సూచి కోసం ఫోన్‌లో పెట్టిన అయస్కాంత సెన్సర్‌నే చదువుతాయి. దానికి ఇనుము తెలుసు, అయస్కాంతం తెలుసు, వైఫై తెలియదు. స్పీకర్ దగ్గరికి తీసుకెళితే గగ్గోలు పెడుతుంది. టవర్ అందని నల్లమల లోపల పెట్టినా సుమారు 40 మైక్రోటెస్లాలు చూపుతుంది. అది భూమి సొంత అయస్కాంత క్షేత్రం. దాని మీద ఫిర్యాదు తీసుకునే కార్యాలయం లేదు.

లెక్క కావలసినవారికి లెక్క ఉంది. మొబైల్ టవర్ల తరంగాల పరిమితిని భారత ప్రభుత్వం 2012 సెప్టెంబర్ 1న అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు కుదించింది. 2 గిగాహెర్ట్జ్ పైన అది చదరపు మీటరుకు 1 వాట్. 100 మిల్లీవాట్ల రౌటర్ అన్ని దిక్కులకూ సమంగా వెదజల్లితే మీటరు దూరంలో పడేది సుమారు 0.008 వాట్లు. రెండు మీటర్లకు జరిగితే అందులో నాలుగో వంతు. 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలను ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే 2బి వర్గంలో చేర్చిన మాట నిజమే. ఆసియా సంప్రదాయ పద్ధతిలో ఊరవేసిన కూరగాయలూ అదే వర్గంలో ఉన్నాయి. జాడీకి రేడియేషన్‌ను ఆపుతుందనే స్టిక్కర్ అంటించినవారు మాత్రం లేరు.

ఫోనుకు అంటించినవారు బోలెడు. ఆ స్టిక్కర్ నిజంగా తరంగాన్ని ఆపితే ఫోను మూగబోవాలి, లేదా టవర్‌ను అందుకోవడానికి ఇంకా గట్టిగా ప్రసారం చేయాలి. అయినా 2020 అక్టోబర్‌లో రాష్ట్రీయ కామధేను ఆయోగ్ అధ్యక్షుడు వల్లభ్‌భాయ్ కథీరియా ఫోన్ రేడియేషన్‌ను తగ్గిస్తుందంటూ ఆవుపేడ చిప్‌ను ఆవిష్కరించారు. వందలాది మంది శాస్త్రవేత్తలు ఆధారాలు చూపమన్నారు. 2021 డిసెంబర్‌లో నెదర్లాండ్స్ అణుభద్రతా సంస్థ 5జీ నుంచి కాపాడతాయంటూ అమ్ముతున్న లాకెట్ల వంటి పది వస్తువులలో అసలైన అయనీకరణ రేడియేషనే ఉందని హెచ్చరించింది. కొలవని ప్రమాదానికి భయపడినవారు, కొలిస్తే దొరికే ప్రమాదాన్ని మెడలో వేసుకున్నారన్నమాట.

సరైన పద్ధతీ ఒకటుంది. ముందు రౌటర్‌కు ల్యాప్‌టాప్‌ను వైరుతో కలిపి వేగం చూడాలి. అక్కడే తక్కువైతే గాలికి సంబంధం లేదు. బాగుంటే ఇంట్లో ఒకే చోట నిలబడి, ఒక్కో వస్తువునూ ఆపుతూ డీబీఎం, వేగం రెండూ రాసుకోవాలి. తర్వాత రౌటర్‌ను బీరువా వెనక నుంచి తీసి ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో పెట్టాలి. దగ్గరి పరికరాలను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాలి. దీనికి కొనాల్సిందేమీ లేదు. చివర్లో తేలే ముద్దాయి మాత్రం తరచు సొంతింటివాడే. ఈ పద్ధతికి పెద్దగా ప్రచారం రాకపోవడానికి ఇంతకుమించి కారణం వెతకనక్కర్లేదు.