పులస యాప్

ధవళేశ్వరం దగ్గర పులస పడగానే కబురు చెప్పే యాప్ చేస్తున్నాడు, రాజమండ్రిలో వర్క్ ఫ్రమ్ హోమ్ కుర్రాడొకడు.

ఎర్రనీరు రాగానే పులస ఎదురీదుతుంది. ఈయనకూ అప్పుడే ఊపొస్తుంది.

తొలి ఏడు లోగో. మలి ఏడు డార్క్ మోడ్. నిరుడు మొత్తం చెరిపేసి రియాక్ట్‌లో మళ్లీ మొదలు.

కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852 కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టేశాడు. పాపం, ఆయనకు ఫ్రేమ్‌వర్క్ మార్చుకునే వీల్లేదు!

పుస్తెలమ్మైనా పులస తినమన్నారు. ఈయన పులస పేరుతో డొమైన్లు కొన్నాడు, నాలుగు రకాల స్పెల్లింగులతో.

ఎట్టకేలకు యాప్ వచ్చింది. వాడేది వాళ్లమ్మ ఒక్కతే.

ఆవిడకు ఓటీపీ వచ్చేసరికి, పక్కింటి పిన్నిగారు బెండకాయలేసి పులుసు దింపేశారు.