రోటికి తెలిసిన రుచులు

ఈ రోలు నల్లరాతిది. వడ్డెర పనివాళ్ల ఉలి దెబ్బలకు గుంట తేలి, ఎడ్లబండెక్కి గన్నవరం వచ్చింది. పెంకుటింటి పెరట్లో, కరివేప చెట్టుకీ నూతి గట్టుకీ నడుమ, సగానికి పైగా భూమిలో పాతేశారు. ఆ తర్వాత అంగుళం జరగలేదు. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకుందని సామెత ఉంది గానీ, ఈ రోటికి మొర ఏమీ లేదు. దంచడం, నూరడం, రుబ్బడం చూస్తూ బతికింది. ఆ బతుకులో తెలిసిన రుచుల గురించే దానికి చెప్పుకోవాలని ఉంది.

గన్నవరం మెట్టకీ మాగాణికీ సరిహద్దు. ఉత్తరాన నూజివీడు వైపు వెళ్తే మామిడి తోటలు, దక్షిణాన ఏలూరు కాలువ దాటితే వరి చేలు. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టాకు కాలువ నీరు నమ్మకంగా అందింది. ఆ పాత కట్టకు బదులుగా 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. డెల్టా అనగానే అందరూ వరి గురించే చెబుతారు. రోటికి కావలసింది వరి వెనకాల వచ్చే మినుము. కోతకు రెండు మూడు రోజుల ముందు, పైరు నిలిచి ఉండగానే చేలో మినుములు చల్లుతారు. వరి కోసి పనలు తీసేసరికి మొలక నేలను పట్టుకుని ఉంటుంది. మళ్లీ తడి పెట్టే పని పెద్దగా ఉండదు. నేలలో మిగిలిన చెమ్మా, తెల్లవారుజామున కురిసే మంచూ దానికి చాలు. గుంటూరు పక్కన లాం పరిశోధన స్థానంలో పుట్టిన మినుము రకాలు ఈ మాగాణుల్లో బాగా పాకాయి. ఆ మినుములు నానబోసి, పొట్టు కడిగి తెస్తే, పచ్చడిబండ పక్కన పెట్టి పొత్రం దింపుతారు. గారెల పిండికి నీళ్లు చిలకరించాలే తప్ప పోయకూడదు. రుబ్బేకొద్దీ పిండి తేలికై పొంగుతుంది. చిన్న ముద్ద నీళ్లలో వేస్తే తేలాలి. తేలితేనే పొత్రం ఆగేది.

ఇది శాకాహారుల ఇల్లేం కాదు. ఆదివారం కోడికూర, కొల్లేటి చేప దొరికితే పులుసు. రాష్ట్రంలో చాలా ఇళ్లు ఇలాంటివే. 2014 నాటి ప్రభుత్వ ఎస్ఆర్ఎస్ (శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్) సర్వేలో పదిహేనేళ్లు దాటిన ఆంధ్రుల్లో నూటికి దాదాపు 98 మంది తాము మాంసాహారులమనే చెప్పారు. ఆ లెక్క ఒక్కటే చూసినవాళ్లకు ఇక్కడ కూరగాయల వంటకు చోటు లేదనిపిస్తుంది. కానీ అదే ఇళ్లలో వారంలో చాలా పూటలు కంచంలోకి వచ్చేది పప్పు, వేపుడు, రోటి పచ్చడి, చారు. సోమవారమో శనివారమో నీచు ముట్టరు, నోము పట్టిన రోజున ముట్టరు, కార్తీకంలో నెలంతా ముట్టని ఇళ్లూ ఎన్నో. ఆ రోజుల్లో ఎవరూ లోటుగా తిన్నట్టు ఈ రోలు చూడలేదు. పైగా ఆ రోజుల్లోనే రోటికి పని ఎక్కువ. తెలుగింటి కూరగాయల వంట మాంసం లోటు పూడ్చడానికి పుట్టింది కాదని, దాని నేర్పు దానికే ఉందని ఈ రోలు గట్టిగా నమ్ముతుంది.

కంద బచ్చలి కూర సంగతే చూడండి. కృష్ణ ఒడ్డు నేలల్లో, లంకల్లో అరటి, పసుపు పక్కనే కంద పండుతుంది. చెక్కు తీస్తుంటేనే చేతులు దురద. దుంప నిండా సూది మొనలున్న కాల్షియం ఆక్జలేట్ స్ఫటికాలు ఉండడమే అందుకు కారణం. చింతపండు పులుపు పడితేనే ఆ దురద లొంగుతుంది. ముక్కలూ బచ్చలాకూ ఉడికి, పులుసు దగ్గరపడి, పోపు పడ్డాక కూర అయిపోయిందని తెలియనివాళ్లు అనుకుంటారు. అసలు పని అప్పుడు రోట్లో జరుగుతుంటుంది. చెంచాడు ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, ఉప్పు, కాసిని నీళ్లు. బండ కింద గింజలు మొదట జారిపోతాయి, తర్వాత చిటచిటమని పగులుతాయి, ఆ తర్వాత ముద్ద పసుపు రంగుకు తిరుగుతుంది. ఉన్నట్టుండి నూరేవాళ్ల ముక్కు అదిరి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. పొడి ఆవగింజకు ఆ ఘాటు ఉండదు. గింజ పగిలి నీరు తగిలినప్పుడే అందులోని మైరోసినేజ్ అనే ఎంజైమ్ పనిలోకి దిగి ఘాటును పుట్టిస్తుంది. ఎక్కువ వేడి తగిలితే ఆ ఎంజైమ్ పనిచేయదు.

“అత్తయ్యా, ఆవ ఇప్పుడే వేసేయనా?” అని కోడలు పొయ్యి దగ్గర నుంచి అడిగేది.

“దించమ్మా ముందు. కాస్త చల్లారాక కలుపు. పొయ్యి మీదుండగా వేస్తే ఘాటు చచ్చిపోతుంది.”

ఆవ పెట్టిన కూర పూటకి పూటకి రుచి మారుతుంది. పొద్దున చేసింది సాయంత్రానికి ఇంకాస్త ఊరి నాలుకకు పట్టుకుంటుంది.

రోటికి క్యాలెండరు అక్కర్లేదు, గుంటలో పడేదాన్ని బట్టి నెల తెలుస్తుంది. కార్తీకంలో ఉసిరికాయ. చలి ముదిరాక చింతకాయ. పండని పచ్చి చింతకాయలు కడిగి, తడి ఆరనిచ్చి, రాళ్లుప్పు, పసుపు వేసి రోకలితో తొక్కుతారు. జాడీకెత్తి మూడో నాడు బయటికి తీస్తే ఉప్పుకు ఊరి మెత్తబడి ఉంటుంది. అప్పుడు మళ్లీ తొక్కి, గింజలూ ఈనెలూ ఓపిగ్గా ఏరేస్తారు. ఇంట్లో పిల్లలందర్నీ కూర్చోబెట్టే పని అది. ఆ తొక్కు ఏడాదంతా నిలవుంటుంది. కావలసిన పూట నిమ్మకాయంత తీసి, వేయించిన మెంతులు, ఎండుమిర్చి వేసి నూరి, ఇంగువ పోపు పెట్టుకుంటే వేడన్నంలోకి ఇంకేం అడగరు. సంక్రాంతి దాటాక పండుమిరప, ఉగాదికి కొత్త చింతపండు, ఎండలకు మామిడి. ఆవకాయ రోజుల్లో రోలు బొట్టు నీరు తగలకుండా పొడిగా ఉండాలి, ఆవపిండి కొట్టడానికి. వానలు పడితే గోంగూర.

వీటిలో ఈ రోటికి మహా ఇష్టమైనది బీరపొట్టు పచ్చడి. కాయ కూరకు వెళ్తుంది. చెక్కిన పొట్టును పారేయకుండా నూనెలో మగ్గనిచ్చి, వేయించిన మినప్పప్పు, ఎండుమిర్చి, చింతపండుతో కచ్చాపచ్చాగా నూరతారు. దోసకాయ పచ్చడికైతే కారం మాత్రం నూరి, పచ్చి ముక్కలు చివర్లో వేసి ఒక్క పోటు వేస్తారు. పంటి కింద ముక్క కరకరమనాలి. ఒక కూరగాయలో ఏ భాగాన్ని ఎంత నలపాలో, దేన్ని నలపకుండా వదిలేయాలో తెలియడం పెద్ద విద్య. దాన్ని పుస్తకంలో రాయడం కష్టం. నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్ ‘వంటలు – పిండివంటలు’ పుస్తకం రాస్తే అది ముద్రణ మీద ముద్రణ వెళ్లింది. అంతమంది కొనుక్కున్నారంటే అమ్మ పక్కన కూర్చుని నేర్చుకునే వీలు చాలామందికి తప్పిపోయిందనే కదా.

అదే బండిలో వచ్చిన తోటి రోలొకటి పక్క వీధి పంతులుగారింట ఉంది. తద్దినం రోజున దాని దరిదాపులకు మిరపకాయ రాదు. కారానికి మిరియాలు, అల్లం. టమాటా, బంగాళాదుంప కూడా వాడరు. ఇవన్నీ అమెరికా ఖండాల్లో పుట్టి, పోర్చుగీసు ఓడలు వచ్చాక మన నేలకు చేరిన పంటలు. అంటే ఆ ఒక్క పూట విస్తరిలో అయిదు వందల ఏళ్ల కిందటి ఆంధ్ర వంట కనిపిస్తుంది. కంది, మినుము, నువ్వు, వంకాయ మాత్రం అనాదిగా ఈ ఉపఖండంలో ఉన్నవే. ఆంధ్రమాతగా చెప్పుకునే గోంగూరకూ, మన చింతకూ పుట్టిల్లు ఆఫ్రికా. వచ్చినదాన్నల్లా ఉప్పూ పులుపూ చూసి తనదాన్ని చేసుకోవడం ఈ వంటకు అలవాటు. రేపు మరో కొత్త కూరగాయ వస్తే దానికీ ఒక పచ్చడి పుడుతుంది.

కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలకు ఊరు కదులుతుంది. పులిహోర, గారెలు, గుమ్మడికాయ పులుసు, రోటి పచ్చళ్లు. ఆ నెలలో కోడి ధర దిగిందని పత్రికలు ఏటా రాస్తాయి. ఎవరూ చట్టం చేయకుండానే ఇన్ని లక్షల ఇళ్లు ఒక నెలపాటు వంట మార్చుకోవడం ఎంత పెద్ద సంగతో ఈ రోటికి ఎప్పుడూ ఆశ్చర్యమే.

మిక్సీ వచ్చాక పని తగ్గింది. “రోళ్లకు గంట్లు కొడతాం” అని వీధిలో వినిపించే కేక కూడా తగ్గిపోయింది. గుంట నున్నబడితే గింజ జారుతుంది, ఉలితో గరుకు చేస్తేనే పచ్చడి నలుగుతుంది. మిక్సీని ఈ రోలు తప్పుపట్టదు. పొద్దున్నే ఉద్యోగానికి పరుగెత్తే ఆడవాళ్ల నడుముకు అది చేసిన మేలు చిన్నది కాదు. అయితే బ్లేడు కోస్తుంది, రాయి నలుపుతుంది. నలిగినచోట నువ్వుల నూనె నెమ్మదిగా ఊరుతుంది, వెల్లుల్లి వాసన తిరుగుతుంది. ఆ తేడా తిన్నవాళ్లందరికీ తెలుసు.

ఇప్పుడు మళ్లీ రోలు మాట వినిపిస్తోంది. హైవే పక్కన చిన్న చిన్న రాతి రోళ్లు వరసపెట్టి అమ్ముతున్నారు, హోటళ్లు రోటి పచ్చడిని బోర్డు మీద రాస్తున్నాయి. ప్రకాశం బ్యారేజికి అవతల, కృష్ణ ఒడ్డున ప్రకృతి వైద్యులు మంతెన సత్యనారాయణరాజు గారి ఆరోగ్యాలయంలో ఉప్పూ నూనే లేని కూరగాయల వంట పెడతారు. రోగం తగ్గాలని వెళ్లినవాళ్లకు అది అవసరమే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మాత్రం ఉప్పు సమంగా పడిన తోటకూర పప్పూ, గంగవాయిలి కూర పప్పూ చాలా మేలని ఈ రోలు అభిప్రాయం. అన్నంలో తక్కువైన లైసీన్‌ను పప్పు ఇస్తుంది, పప్పులో తక్కువైన మెథియోనీన్‌ను అన్నం ఇస్తుంది. పాలు, నెయ్యి కూడా మానే వీగన్ సొసైటీ ఇంగ్లండులో 1944లో మొదలైంది. ఆ పద్ధతిలో తినాలనుకునే తెలుగువాళ్లు కొత్త వంటలు వెతుక్కోనక్కర్లేదు. నేతికి బదులు నువ్వుల నూనె వేసుకుంటే రోటి పచ్చళ్లు, పొడులు, పులుసుకూరలు దాదాపు అన్నీ వాళ్లవే.

గన్నవరం విమానాశ్రయానికి అంతర్జాతీయ హోదా 2017లో వచ్చింది. పెరటి మీదుగా విమానం దిగుతుంటే రోటి గుంటలో నీళ్లు సన్నగా వణుకుతాయి. ఈ ఇంటి మనవరాలు అమెరికాలో ఉంటుంది. మాంసం మానేసింది. వచ్చిన ప్రతిసారీ పెట్టెలో కందిపొడికి చోటుంచుకుంటుంది. ఈసారి తనే కొట్టుకుంటానని పెరట్లో పీట వేసుకుంది. వేయించిన ఎండుమిర్చి, ఉప్పు ముందు నలగాలి. తర్వాత జీలకర్ర, దోరగా వేగిన కందిపప్పు. వెల్లుల్లి ఆఖర్న, పొట్టుతోనే.

“నానమ్మా, ఇంకా మెత్తగా కొట్టనా?”

“చాల్లేవే తల్లీ, కాస్త బరక ఉండాలి. అక్కడ మిక్సీలో వేసుకున్నా ఒక్కసారిగా తిప్పకు. ఆపి ఆపి తిప్పు, మధ్యలో మూత తీసి చూసుకో. వెల్లుల్లి వేశాక రెండంటే రెండు తిప్పులు, అంతే.”