క్యాలిపరన్న

అనంతపురంలో క్యాలిపరన్నను గుర్తుపట్టాలంటే బండి నడిపేటప్పుడు కాదు, స్టాండు వేసినప్పుడు చూడాలి. టవర్ క్లాక్ దగ్గర టీ అంగడి ముందు బండి నిలిపి, హ్యాండిల్‌ను పనిగట్టుకుని ఒక పక్కకు తిప్పి పెడతాడు. ముందు చక్రం డిస్కును కరిచిపట్టుకున్న బంగారు రంగు క్యాలిపర్ జనానికి కనబడాలి గదా! ఎవరి చూపైనా పొరపాటున అటు పోయిందా, ఇక వదలడు. "బైబ్రెన్నా, ఇటలీ మాలు!" బెర్గామో దగ్గర 1961లో పుట్టిన బ్రెంబో కంపెనీ మన బోటి దేశాల చిన్న బండ్ల కోసం పెట్టిన బ్రాండే బైబ్రె, ఆ మాట నిజమే. కానీ మనకొచ్చే సరుకు తయారయ్యేది పుణేలో. అన్నకు దొరికింది అంతకన్నా దగ్గర్లో, బెంగళూరు పాతసామాన్ల అంగట్లో, యాక్సిడెంటైన ఏదో డ్యూక్ బండికి ఊడదీసినది. ఆ డ్యూక్‌ను అది ఎందుకు ఆపలేకపోయిందో అన్న అడగలేదు, అంగడాయన చెప్పలేదు.

ఈ క్యాలిపర్ బండిని ఆపడానికి పెట్టింది కాదు, ఆగిన బండికి పెట్టింది అని నా వాదన. బండిని చివరికి ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే పట్టు. కంపెనీ ఇచ్చిన డిస్కు బ్రేకును సరిగ్గా ఉంచుకుని గట్టిగా పిండితే ముందు చక్రం బిగుసుకుపోతుంది, ఏబీఎస్ ఉంటే అది గడగడమంటుంది. అంటే పట్టు అక్కడికి అయిపోయిందన్నమాట. ఆపైన ఎంత బలం తెచ్చినా దండగే. బోరులో నీళ్లు అడుగంటితే ఐదు హెచ్‌పీ మోటారు పీకి పది హెచ్‌పీది దించినట్టు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కోసం ఆకాశం వైపు చూసే జిల్లాలో ఈ లెక్క ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు, అన్నకు తప్ప. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో మంచి తారు రోడ్డు మీద, బ్రేకు పట్టిన చోటు నుంచి దాదాపు 18 మీటర్లలో ఆగొచ్చు. అదే రోడ్డు మీద ఇసుక పేరితే దూరం రెట్టింపు. తేడా అంతా రోడ్డుది. ఇక కళ్యాణదుర్గం, ఉరవకొండ రోడ్ల సంగతి. పంటకాలంలో రైతులు కందులూ కొర్రలూ తారు మీదే పరుస్తారు, నూర్పిడి వచ్చేపోయే బండ్లే చేసిపెడతాయి. ఆ పొట్టు మీదుండగా ఎదురుగా గొర్రెల మంద దిగిందనుకోండి, ఏబీఎస్ లేని బండికి బ్రేకు ఎంత కరుకైతే అన్న అంత తొందరగా కింద ఉంటాడు.

"పానం కంటే దుడ్డు ఎక్కువా సార్?" అని అన్న నిలదీస్తాడు. మంచి ప్రశ్నే, దానికి జవాబు మాత్రం ఆయన బండి మీదే ఉంది. ముందు టైరు గాడులన్నీ అరిగి నున్నగా ఉంటుంది. హెల్మెట్ తలకు బదులు పెట్రోలు ట్యాంకును కాపాడుతుంటుంది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చమని కంపెనీ పుస్తకం చెబుతుంది, అన్న డబ్బాలో అది డికాషన్ రంగుకు తిరిగింది. ప్రాణం మీద తీపి ఇన్ని చోట్ల దారి తప్పి ఒక్క క్యాలిపర్ దగ్గరే తేలడం వింత కాదూ? ఇంకొందరు ఘాట్ రోడ్ల మాట ఎత్తుతారు. హార్స్‌లీ కొండ దిగేటప్పుడు బ్రేకులు కాగి పట్టు సడలే మాట వాస్తవమే, అక్కడ పెద్ద డిస్కూ మంచి క్యాలిపరూ పనికొస్తాయి. ముందు చక్రానికి డ్రమ్ము బ్రేకున్న పాత బుల్లెట్‌కు డిస్కు బిగించినవాణ్ణి సైతం నేను తప్పుపట్టను. అయితే 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నీ ఏబీఎస్‌తోనే వస్తున్నాయి. ఆ ఏర్పాటును కుదిర్చింది కంపెనీ క్యాలిపర్‌కు, బెంగళూరు అంగడి క్యాలిపర్‌కు కాదు.

"వాని దుడ్డు, వాని సంబరం, మీకేం నొప్పి?" అనేవాళ్లతో నాకు చాలావరకు పేచీ లేదు. సంబరాన్ని సంబరమనే అంటే సరిపోయేది, అన్న దానికి భద్రత అని పేరు పెట్టాడు. మెకానిక్ మొదట్లోనే చెప్పి చూస్తాడు: "ప్యాడ్లు మార్చి, లైన్ల గాలి తీస్తే సాలన్నా." చవకైన మాట, కానీ ప్యాడ్లు ఎవరికి కనబడతాయి? క్యాలిపరే బిగిస్తారు. దాని పిస్టన్లు పెద్దవి కావడంతో లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. దానికోసం మాస్టర్ సిలిండర్, దాని వెనకే స్టీలు అల్లిక గొట్టం, ఆపైన పెద్ద డిస్కు. ఇవన్నీ అయ్యాక కూడా ఫోర్కు బోల్టులకు క్యాలిపర్ రంధ్రాలు కలవకపోతే లేత్ షాపులో ఒక ప్లేటు కోయిస్తారు. నా అసలు నొప్పి ఆ ప్లేటు దగ్గరే. ఇటలీ పేరు, పుణే పనితనం, ప్రాణభయం, అన్నీ వచ్చి వేలాడేది ఏ ఇనుమో తెలియని ఆ అరచేతి ముక్క మీద. ఖర్చు మాత్రం వృథా పోదని అన్న ధీమా, అమ్మేటప్పుడు ధర పలుకుతుందట. అమ్మే రోజు కొనేవాడు వస్తాడు, ముందు చక్రం దగ్గర వంగి వివరమంతా ఓపిగ్గా వింటాడు, లేచి చేతులు దులుపుకుంటాడు. "అంతా బాగుందన్నా, మైలేజీ ఎంతిస్తాది?"