తాతల నేతి వాసన

అట్లాంటాలో మనవాళ్లింటికి అమ్మానాన్నలు వెళ్తే రెండోవారానికల్లా స్టోన్ మౌంటెన్ చూపించేస్తారు. పులిహోర డబ్బా, మంచినీళ్ల సీసాలు, పెద్దవాళ్లకు ఎండ టోపీలు. ఎదురుగా కొండ చరియ మీద గుర్రాలెక్కిన ముగ్గురు పెద్దమనుషులు టోపీలు తీసి గుండెలకు హత్తుకుని ఉంటారు. "ఎవర్రా వీళ్లు?" అంటారు నాన్నగారు. "ఎవరో వీళ్ల స్వాతంత్ర్య యోధుల్లే నాన్నా" అంటాడు అబ్బాయి, ఫోన్లో పార్కింగ్ రసీదు వెతుక్కుంటూ.

చిన్న సవరణ. జెఫర్సన్ డేవిస్, రాబర్ట్ లీ, స్టోన్‌వాల్ జాక్సన్ అనే ఈ ముగ్గురూ అమెరికా మీదే కత్తిగట్టిన దక్షిణాది పక్షం వాళ్లు. మనిషిని సంతలో కొనుక్కునే హక్కు కోసం కట్టిన కత్తి అది. ఆ పక్షం 1865లో ఓడిపోయింది. కొండ మీద ఈ బొమ్మ చెక్కడం పూర్తయింది 1972లో. వ్యాజ్యంలో ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మన సామెత. అక్కడ ఓడినవాడు ఏడవనే లేదు, కొండెక్కి కూర్చున్నాడు.

"అబ్బే, బానిసత్వం కోసం కాదండీ, రాష్ట్రాల హక్కుల కోసం" అంటారు వారసులు. అలాగా! 1860 డిసెంబరులో అమెరికా నుంచి విడిపోతూ సౌత్ కరోలినా ప్రకటించిన కారణాల పత్రం తిరగేయండి. పారిపోయి వచ్చిన బానిసలను ఉత్తరాది రాష్ట్రాలు పట్టి అప్పగించడం లేదన్నది అందులో పెద్ద ఏడుపు. అంటే అవతలి రాష్ట్రాలకు హక్కులు మరీ ఎక్కువైపోయాయని! యుద్ధంలోకి దిగాక దక్షిణాదివాళ్లు నిర్బంధ సైనిక చట్టం తెచ్చారు. 1862లో దానికో మెలిక పెట్టారు. ఇరవైమంది బానిసలున్న తోటకు ఒక తెల్లాయన చొప్పున యుద్ధానికి రానక్కర్లేదు. బానిసన్నవాడే లేని పేద తెల్లరైతు మాత్రం రావాలి, దొరగారి ఆస్తి కోసం చావాలి.

ఉత్తరాది ప్రభుత్వం మాత్రం తక్కువ తిందా? 1862 ఏప్రిల్‌లో రాజధాని వాషింగ్టన్‌లోని బానిసలను విడిపించి, తలకు 300 డాలర్ల దాకా నష్టపరిహారం ఇచ్చింది. యజమానులకు! జీతం లేకుండా పుట్టినదాది చాకిరీ చేసినవాడికేమిటి? హైతీకో లైబీరియాకో వెళ్లిపోతానంటే 100 డాలర్ల దాకా ఇస్తామన్నారు. వెళ్లిరమ్మని కూడా కాదు, వెళ్లమని.

యుద్ధం ముగింపుకొస్తుండగా, 1865 జనవరిలో, ఉత్తరాది సేనాని జనరల్ షెర్మన్ ఒక ఆజ్ఞ జారీ చేశాడు. దక్షిణ సముద్రతీరంలో దొరలు వదిలి పారిపోయిన భూముల్లో కుటుంబానికి 40 ఎకరాల దాకా ఇవ్వమని. సుమారు 40 వేలమంది అక్కడ గుడిసెలు వేసుకుని పంటలు పెట్టుకున్నారు. అధ్యక్షుడు లింకన్ హత్యతో గద్దెనెక్కిన ఆండ్రూ జాన్సన్ తిరుగుబాటు చేసిన దొరలకు క్షమాభిక్ష ప్రసాదంలా పంచిపెట్టి, ఎవరి భూములు వారికి ఇచ్చేయమన్నాడు. ఆ చల్లని కబురు మోసుకుని అక్టోబరులో ఆ తీరంలోని ఎడిస్టో దీవికి ఉత్తరాది జనరల్ హొవార్డ్ వెళ్లాడు. పాపం మంచివాడే, యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్నవాడే. చర్చిలో కిక్కిరిసిన జనానికి, పాత యజమానులతో రాజీపడండి, వాళ్ల దగ్గరే కూలికి కుదురుకోండి అని చెప్పాడు. దీవివాళ్లు తర్వాత ఆయనకు అర్జీ రాశారు. అందులోని మాటల సారం ఇది: తమరికి పోయింది కుడిచెయ్యి ఒక్కటే, తమరు క్షమిస్తే క్షమించగలరు. నన్ను చెట్టుకు కట్టి 39 కొరడా దెబ్బలు కొట్టినవాణ్ణి, మా అమ్మనూ తోబుట్టువునూ బట్టలూడదీసి కొట్టినవాణ్ణి, తన చేను చేస్తేనే ఖాళీ గుడిసెలో ఉండనిస్తానంటున్నవాణ్ణి నేనెలా క్షమించేది?

భూమి దొరకే పోయింది.

భూమి లేనివాడు ఏం చేస్తాడు, పని వెతుక్కుంటాడు. వెతుక్కునే వ్యవధి కూడా లేకుండా మిసిసిపీ అదే ఏడు చట్టం చేసింది. 1866 జనవరి రెండో సోమవారం నాటికి పని లేని నల్లవాడు దేశదిమ్మరి కింద లెక్క. జరిమానా కట్టాలి. కట్టలేకపోతే, ఆ జరిమానా ఎవరు కడితే వాళ్ల దగ్గర పని చేయాలి. వెట్టి అంటే ఏమిటో తెలిసిన మనకు దీనికి వేరే పేరు వెతుక్కునే శ్రమ లేదు.

1870లో నల్ల మగవాళ్లకు ఓటు కూడా వచ్చింది, నల్లవాళ్లు కాంగ్రెస్‌లో కూర్చున్నారు. 1877లో ఉత్తరాదివాళ్లు అధ్యక్ష కుర్చీ తీసుకుని దక్షిణాదిని దొరలకు వదిలేశారు. ఇక చూడండి తెలివితేటలు. లూసియానా 1898లో ఓటుకు చదువు పరీక్ష, ఆస్తి నిబంధన పెట్టింది. 1867 జనవరి 1 నాటికి తండ్రికో తాతకో ఓటుండి ఉంటే మాత్రం ఏ పరీక్షా అక్కర్లేదు. ఆ నాటికి నల్లవాడి తాతకు ఓటే లేదు కదా! మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అంటే మనం నవ్వుకుంటాం. వాళ్లు దాన్ని తమ రాష్ట్ర రాజ్యాంగంలోకే ఎక్కించారు. ఆ రాష్ట్రంలో 1896లో 1,30,334 మంది ఉన్న నల్ల ఓటర్లు 1904 నాటికి 1,342 మంది అయ్యారు.

మళ్లీ కొండ దగ్గరికి. నాన్నగారి ఒళ్లో మనవరాలు పులిహోర తింటోంది. అబ్బాయి హెచ్ వన్ బి మీద ఉన్నాడు, గ్రీన్ కార్డు క్యూ కదలడం లేదు. పాప మాత్రం పుట్టుకతోనే అమెరికా పౌరురాలు. ఆ గుర్రాలెక్కిన పెద్దమనుషుల చలవ కాదది. ఇక్కడ పుట్టిన నిన్నటి బానిస కూడా ఈ దేశ పౌరుడేనని తేల్చడానికి 1868లో చేసిన రాజ్యాంగ పద్నాలుగో సవరణ చలవ. ఆ రోజు రావడానికి ఉత్తరాది సైన్యంలో చేరి తుపాకీ పట్టిన నల్లవాళ్లు సుమారు 1,80,000 మంది. వాళ్లలో ఒక్కడి బొమ్మా ఆ రాతి మీద లేదు.