లేహ్యోపాఖ్యానము

తిరుపతిలో డెబ్బదియేండ్ల పెద్దమనిషి యొకడు, భోంచేసి చేయి కడిగికొన్న గడియకే "నాకింకను అన్నము పెట్టవేమమ్మా?" యని కోడలి నడిగినచో, ఇంటివారు మొదట నవ్వుదురు, పిమ్మట చాదస్తమందురు, సంవత్సరము గడచిన పిదప, సరస్వతీదేవి బొమ్మ యంటించిన సీసాలోని జ్ఞాపకశక్తి లేహ్యమును తెచ్చి పూటకొక చెంచాడు నాకింతురు. లేహ్యమునకు నేను విరోధిని గాను. అందలి బెల్లము శ్రేష్ఠమైనదే, బహుశః చిత్తూరుదే. షుగరు వ్యాధి గల వృద్ధునకు దానిని పెట్టు సాహసమునకు మాత్రము నమస్కరించుచున్నాను. ఏలయన, ఆ మధుమేహమే మతిమరుపునకు దారితీయు హేతువులలో నొకటి.

1906లో అలోయిస్ ఆల్జైమర్ అను జర్మను వైద్యుడు సభలో వర్ణించిన మతిమరుపు రోగిణి, ఆసుపత్రిలో చేరునాటికి 51 యేండ్లది. ముసలితనపు చాదస్తమను మన సిద్ధాంతము ఆనాడే గతించినది గాని, ఆ చావుకబురు మన వీథికింకను చేరలేదు. ఆ వైద్యుని పేర నెగడు నా వ్యాధిలో, మెదడున అమిలాయిడ్ అను మాంసకృత్తు పేరుకొనుట, లక్షణములు పొడసూపుటకు పదునైదిరువదియేండ్లు ముందుగనే యారంభమగును. అనగా, "వేసికొన్న నలవాటైపోవు"నని బీపీ మాత్రలు మానివేసి, తండ్రికై లేహ్యము బేరమాడుచున్న యేబదియేండ్ల కుమారుని సంగతియే ముందుగా విచారింపవలసియున్నది.

2024లో లాన్సెట్ వైద్యపత్రికవారి నిపుణుల సంఘము 14 హేతువులను లెక్కించి, వీనిని సవరించినచో దాదాపు 45 శాతము మతిమరుపు వ్యాధులను నివారింపవచ్చును, లేదా వాయిదా వేయవచ్చునని తేల్చినది. వానిలో వ్యాయామలోప మొకటి: మ్రొక్కున్నయేడు అలిపిరి మెట్లు 3,550 నెక్కి, తక్కిన దినములన్నియు వీథి చివరి పాలంగడికి బండిపై పోవు భక్తులము మనము. వినికిడిలోప మింకొకటి: కంటికద్దములు పాండిత్యచిహ్నమట, చెవికి యంత్రము పరువునష్టమట! కావున తాతగారికి కేకలు వేసి వేసి విసిగి, తుదకు మాటలాడుటయే మానుదుము. ఏకాంతవాసమును, కుమారుడు లక్ష్యపెట్టని యా బీపీయును ఆ పట్టికలోనివే.

నాడు హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో వైద్యురాలుగా నుండిన సువర్ణ అల్లాడి బృందము 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రకటించినదాని ప్రకారము, ఏకభాషీయులకన్న రెండు భాషలు పలుకువారిలో నీ వ్యాధి నాలుగున్నరయేండ్లు ఆలస్యముగా తలయెత్తినది. చదువురాని వారిలోను అట్లే. చిత్తూరు సంతలో వంకాయలమ్ము నవ్వ, తెలుగున మొదలిడిన బేరమును అరవమున ముగించి, పలమనేరు దాటి వచ్చిన వానితో కన్నడమున వాదులాడును. ఆ యవ్వ మనుమడు ఆమె పిలుపునకు ఏ భాషలోను బదులు పలుకలేకుండునట్లు తీర్చిదిద్దుటకై, తలిదండ్రులు అప్పుచేసి ఫీజులు కట్టుచున్నారు.