ప్లేటు ప్రకాశిక: ‘ముందు నంబరు’ పద్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక

ఈ పద్యం ఎవరు చెప్పారో తెలియదు. కింద సంతకం లేదు, పైన సంవత్సరం లేదు. బండికి నంబరు ఉండి తీరాలని బోధించే పద్యానికే నంబరు లేకపోవడం విడ్డూరమే గాని, కర్త తెలియని చాటువులు మనకు కొత్త కావు. మాటలను బట్టి కాలం మాత్రం తేల్చవచ్చు. ‘బంపరు’, ‘చలానా’ ఉన్నాయి కనుక నన్నయ నాటిది కాదు. ‘పటము దీసి’ అన్నాడు కనుక, బండి ఆపి రసీదు చింపి చేతిలో పెట్టే రోజులు వెనకబడి, కెమెరా పట్టుకున్న కానిస్టేబులు చెట్టు నీడన నిలబడే రోజులు వచ్చాకే పుట్టింది. ఇంతకు మించి కవి జోలికి పోకుండా మూలంలోకి దిగుదాం.

మూలం

తే.గీ.
ముందు నంబరు లేకున్న ముప్పు వచ్చు;
వెనుక నంబరు గలదన్న వినరు వారు;
పటము దీసి చలానాలు పంపుచుంద్రు;
కాన బంపరు కద్దాని గట్టుమయ్య!

ప్రతిపదార్థం

అయ్య = ఓ వాహన చోదకుడా! (అమ్మలకూ వర్తిస్తుంది); ముందు = బండికి ఎదుటి వైపున; నంబరు = రిజిస్టరు చేసిన అధికారి కేటాయించిన గుర్తు; లేకున్న = లేకపోయినట్లయితే; ముప్పు = ఆపద; వచ్చు = కలుగును; వెనుక = డిక్కీ వైపున; నంబరు = ఆ గుర్తే; గలదన్న = ‘ఉంది కదా సార్’ అని ఎంత చెప్పినా; వారు = కూడలిలో నిలుచున్నవారు; వినరు = చెవిన పెట్టరు; పటము = ఫొటోను; దీసి = తీసి; చలానాలు = జరిమానా చీటీలను; పంపుచుంద్రు = ఫోనుకు పంపుతూ ఉంటారు; కాన = అందువలన; బంపరుకు = బండి ముక్కు కింది భాగానికి; అద్దానిన్ = ఆ ప్లేటును; కట్టుము = బిగించుము.

తాత్పర్యం

నాయనా, ముందు ప్లేటు లేకుండా రోడ్డెక్కితే ఆపద తప్పదు. వెనకాల ఉందన్న సమాధానం చెల్లదు. ఫొటో తీస్తారు, చలానా పంపుతారు. ఆ తరవాత వగచేకంటే ముందే నాలుగు స్క్రూలు బిగించుకోవడం మేలు.

వ్యాఖ్య

*ముందు నంబరు.* ఇది కవి కల్పన కాదు, దీనికి శాస్త్రప్రమాణం ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 41వ సెక్షన్, ఆరో ఉపవిభాగం బండికి ఒక గుర్తు కేటాయించి, దాన్ని నిర్ణీత పద్ధతిలో కనబరచాలంటుంది. ఆ పద్ధతి ఏమిటన్నది 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 50వది చెబుతుంది: ముందూ వెనకా రెండు వైపులా, స్పష్టంగా, చదవ వీలుగా ఉండాలి. అంటే చట్టం దృష్టిలో ముందు ప్లేటు వెనక ప్లేటుకు నకలు కాదు, దానితో సమానం.

51వ నిబంధన ఈ ప్లేటుకు ఛందస్సు. కారుకైతే అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10, అక్షరానికీ అక్షరానికీ ఎడం 10. మోటారు సైకిలు ముందు ప్లేటుకు 30, 5, 5. 70 సీసీ లోపు బండ్లకు 15, రెండున్నర, రెండున్నర. అక్షరాలు ఇంగ్లీషులోనే ఉండాలి కాబట్టి భాషాభిమానులు తమ అభిమానాన్ని వెనక అద్దానికి పరిమితం చేసుకోవాలి. రేడియం స్టిక్కరు షాపులవారు ఛందోబంధాలను తెంచుకున్న వచన కవులు. 8055 అని రాసి ‘బాస్’ అని చదివిస్తారు. దీన్ని ఆలంకారికులు శ్లేష అంటారు, ట్రాఫిక్ పోలీసులు ఉల్లంఘన అంటారు.

2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి కావడంతో ఈ కవిత్వం కొంత తగ్గింది. అల్యూమినియం రేకు, ఎడమ అంచున నీలి రంగులో ‘ఐఎన్‌డీ’, దాని పైన అశోకచక్రం మెరిసే క్రోమియం హోలోగ్రామ్, కింద లేజరుతో చెక్కిన సంఖ్య. కార్లకు ముందు అద్దం లోపల అతికించే స్టిక్కరు మూడో గుర్తు. అంత చేసినా మనవాళ్ల చేతుల్లో ప్లేటుకు కొత్త తిప్పలు వస్తూనే ఉంటాయి. ఆయుధపూజ నాడు ఇంటి ఆడపడుచు భక్తిగా పెట్టిన కుంకుమ బొట్టు 3 పక్కన పడి దాన్ని 8 చేస్తుంది. దిష్టికి కట్టిన నిమ్మకాయ, ఏడు మిరపకాయలు సరిగ్గా చివరి రెండంకెల మీద వేలాడుతూ ఎండిపోతాయి.

*లేకున్న.* ఈ ఒక్క మాటలో కవి తర్కశాస్త్రమంతా ఇమిడ్చాడు. లేకపోవడం, అనగా అభావం, నాలుగు విధాలని నైయాయికులు చెప్పారు. ముందు ప్లేటుకు నాలుగూ వర్తిస్తాయి, నాలుగింటికీ శిక్షలు వేరు.

మొదటిది ప్రాగభావం, అంటే ఇంకా పుట్టకపోవడం. షోరూము నుంచి దిగిన కొత్త బండికి నంబరు రాలేదు, ప్లేటు మీద ‘ఫర్ రిజిస్ట్రేషన్’ అని ఉంటుంది. తాత్కాలిక నంబరైనా లేకుండా బండిని కొన్నవాడి చేతికి ఇవ్వకూడదని డీలరుకు 42వ నిబంధన ఆంక్ష. రిజిస్ట్రేషనే లేని బండి నడిపితే 192వ సెక్షన్: మొదటిసారి 2,000కు తగ్గకుండా 5,000 దాకా జరిమానా, మళ్లీ దొరికితే 5,000 నుంచి 10,000, లేదా ఏడాది దాకా జైలు, లేదా రెండూ.

రెండోది ప్రధ్వంసాభావం, అంటే ఉండి నశించడం. పార్కింగులో పక్కవాడు రివర్సు చేస్తూ తగిలించాడు, లేదా వాన నీటిలోంచి పోతుంటే ఊడి కొట్టుకుపోయింది. మన పద్యానికి అసలు విషయం ఇదే. దీనికంటూ చట్టంలో ప్రత్యేక శిక్ష లేదు కనుక సాధారణ శిక్షల 177వ సెక్షన్ కిందికి వస్తుంది. 2019 సవరణకు ముందు మొదటిసారికి 100, తరవాత 300. సవరణలో అవి 500, 1,500 అయ్యాయి. అయితే రోడ్డు మీద కట్టే రాజీ రుసుమును 200వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది కాబట్టి, విజయవాడలో పడే అంకే హైదరాబాదులోనూ పడాలని లేదు.

మూడోది అత్యంతాభావం, అంటే ఏ కాలంలోనూ లేకపోవడం; ప్లేటు విషయంలో, ఉండకూడదనే సంకల్పంతో లేకుండా చేయడం. ప్లేటును లోపలికి మడవడం, ఒక అంకె గీకేయడం, మాస్కు తొడగడం, వెనక కూర్చున్నవారి చున్నీ కప్పడం ఇందులోని భేదాలు. హైదరాబాదు పోలీసులు ఇలాంటివారి మీద చీటింగు కేసులు పెట్టిన సందర్భాలున్నాయి. ఐదొందలు మిగుల్చుకోబోయి కోర్టు మెట్లెక్కడం ఇందులోని విశేషం.

నాలుగోది అన్యోన్యాభావం: ఇది అది కాదు. ఒకడి నంబరు మరొకడి బండి మీద ఉంటుంది. సిగ్నల్ దాటినవాడు ఒకడు, కరీంనగర్‌లో ఇంటి ముందు బండి నిలిపి భోంచేస్తుండగా చలానా అందుకునేవాడు మరొకడు. ఇది జరిమానాతో పోయేది కాదు, నేరం.

*ముప్పు వచ్చు.* ఇక్కడే వ్యాఖ్యాతలకు పేచీ. ముప్పు వస్తుందన్నాడు గాని, ఎవరికో కవి చెప్పలేదు. బండివాడికే అని అందరూ సరిపెట్టుకుంటారు. ఆ అర్థం సామాన్యం. ఐదు వందల రూపాయలను ముప్పు అనవలసిన పని లేదు, ఖర్చు అంటే సరిపోయేది. కవి పెద్ద మాట వాడాడంటే పెద్ద విషయమే మనసులో ఉందని గ్రహించాలి.

రాంగ్ రూట్‌లో ఎదురొచ్చి గుద్దిన బండిని ఊహించండి. పడినవాడికీ, రోడ్డు పక్క టీ కొట్టువాడికీ ముందుగా కనిపించేది దాని ముక్కే. అక్కడ నంబరు లేకపోతే, తేరుకునేలోపు వెనక నంబరు మలుపు తిరిగిపోతుంది. బండి ఏదో తేలని ప్రమాదాల్లో, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పథకం ప్రకారం చనిపోయినవారి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడ్డవారికి 50 వేలు ఇస్తారు. అదే బండి నంబరు దొరికితే, దాని బీమా కంపెనీ మీద ట్రైబ్యునల్‌లో క్లెయిము వేయవచ్చు. పోయినవారి వయసు, సంపాదన, మీద ఆధారపడ్డవారు, అన్నీ లెక్కకు వస్తాయి. ఆ తేడా కొన్ని ఇళ్లలో పిల్లల చదువు. కాబట్టి ముప్పు మొదట ఎదుటివాడికి, ఆ తరవాతే బండివాడికి అని మా సిద్ధాంతం. ప్లేటు మన బంపరు మీద ఉన్నా అది మన కోసం కాదు. మన నంబరు మనకు కంఠస్థమే కదా.

*వెనుక నంబరు గలదన్న.* శంక: ఒక్క మనిషికి ఒక్క పేరు చాలినప్పుడు ఒక్క బండికి రెండు ప్లేట్లు ఎందుకు? సమాధానం: పైన చెప్పిందే. పైగా కూడలి కెమెరా కొన్నిచోట్ల ఎదుటినుంచి, కొన్నిచోట్ల వెనకనుంచి చూస్తుంది. బండి ఏ వైపు తిరిగినా పేరు చెప్పాలి.

పాఠాంతరం: అమెరికా ప్రతుల్లో కొన్నిటిలో మొదటి పాదమే లేదు. జార్జియా, ఫ్లోరిడా, మిషిగన్, పెన్సిల్వేనియాల్లో వెనక ప్లేటు ఒక్కటే. టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో రెండూ కావాలి. ఒహాయో 2020 జులై 1 నుంచి ముందు ప్లేటును వదిలేసింది. అట్లాంటాలో ఉద్యోగం మాని డాలస్ చేరిన మన కుర్రవాడు, ముచ్చటపడి కొన్న కారు బంపరుకు రంధ్రాలు వేయించాల్సి వచ్చినప్పుడు ఈ పద్యం మొదటిసారి అర్థమవుతుంది.

మినహాయింపు: సైన్యం బండ్లకు పైకి చూసే బాణం గుర్తుతో మొదలయ్యే వేరే వరస ఉంది. రాజ్యాంగ పదవుల్లోని పెద్దల కార్ల మీద నంబరుకు బదులు నాలుగు సింహాలుండేవి. వాటికీ నంబరు ఉండాలని 2018లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. సింహాలు తప్పించుకోలేని చోట నిమ్మకాయలు తప్పించుకోగలవా?

*పటము దీసి.* ‘పంపుచుంద్రు’ అనడంలో ఒకసారితో ఆగదన్న ధ్వని ఉంది. హైదరాబాదు చలానాలో ఫొటో, చోటు, సమయం, కింద జరిమానా, దాని కింద 35 రూపాయల యూజర్ చార్జీ ఉంటాయి. హెల్మెట్ లేని తల స్పష్టంగా పడి, ముందు నంబరు పడకపోతే ఆ ఫొటో ఎవరికీ పంపలేరు. ముందు ప్లేటు తీసేసేవారి ఆశ అదే. అందుకే పోలీసులు బండి పోనిచ్చి, వెనకనుంచి కెమెరా నొక్కుతారు.

*బంపరు కద్దాని గట్టుమయ్య.* మోటారు సైకిలుకు బంపరు ఎక్కడిదని విమర్శకులు అవ్యాప్తి దోషం ఎంచారు. బంపరు ఉపలక్షణం, బండి ముందు భాగమంతా అందులోకి వస్తుంది. బైకుకైతే ముందు ప్లేటు హ్యాండిలుకు సమాంతరంగా ఉండాలని 50వ నిబంధనే విడిగా చెప్పింది. బండి పొడుగునా మడ్‌గార్డు మీద కత్తిలా నిలిచే రేకు నడిచేవారిని కోస్తుంది మరి. ఆ భయంతోనే ఇంగ్లండువారు 1975లో బైకులకు ముందు ప్లేటు నిబంధననే తీసేశారు. ప్లేటు పోతే రేడియం షాపుకు పరుగెత్తకూడదు. పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి, ఆ కాగితం దగ్గర పెట్టుకుని, కొత్త హై సెక్యూరిటీ ప్లేటు బుక్ చేసుకోవాలి.

ఛందో విశేషం

ఇది తేటగీతి. యతులు ము–ము, వె–వి, ప–పం, కా–గ. రెండో పాదంలో ‘వెనుక’కు ‘వినరు’తో మైత్రి కుదిరింది. ఆ మాట పలికినవాడికీ విననివారికీ మాత్రం ఎన్నడూ కుదరదు.

ఫలశ్రుతి

బండి తీసే ముందు దాని ఎదుట నిలబడి ఈ పద్యాన్ని ఒక్కసారి చదివినవారికి కొత్త చలానాలు రావు. పాతవి మాత్రం పోవు; వాటికి పఠనం చాలదు, చెల్లింపు కావాలి. పెండింగు చలానాలున్న ద్విచక్ర వాహనాలకు తెలంగాణ ప్రభుత్వం 2022 మార్చిలో 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ఇచ్చింది. మూడోసారికి తొంభై ఖాయమని దీక్షలో కూర్చున్న భక్తులు ప్రతి బస్తీలోనూ ఉన్నారు. వారికి అభయమిచ్చే అధికారం ఈ వ్యాఖ్యాతకు లేదు. స్క్రూడ్రైవరు మాత్రం ఎరువివ్వగలడు.